ఐదేళ్ల బాబుకి బొటనవేలి మొదట్లో గ్రోత్ ప్లేట్ విరిగింది, స్లాబ్ ఒక్కటే వేశారు. ఇది సరిపోతుందా?

వెన్నెల_ఖమ్మం

నమస్కారం అండి. బాబుకి 5 ఏళ్లు, బరువు 17 కిలోలు. మొన్న సాయంత్రం అరుగు మీద నుంచి పడ్డాడు, కుడి చేయి నేలకి ఆనింది. బొటనవేలి మొదట్లో, మణికట్టుకి దగ్గరగా వాపు వచ్చింది. ముట్టుకోనివ్వట్లేదు, బిస్కెట్ కూడా ఎడమ చేత్తోనే తీసుకుంటున్నాడు. చర్మం ఎక్కడా తెగలేదు. ఎక్స్‌రే రిపోర్టులో "మొదటి మెటాకార్పల్ మొదలు దగ్గర సాల్టర్ హ్యారిస్ టైప్ 2 ఫ్రాక్చర్, సుమారు 20 డిగ్రీల వంపు, కీలు ఉపరితలం మామూలుగానే ఉంది" అని రాశారు. ఎముకను లాగి సరిచెయ్యలేదు. స్లాబ్ (చేతికి ఒక వైపే గట్టిగా ఉండే పిండికట్టు) వేసి, వారానికి మళ్లీ ఎక్స్‌రేకి రమ్మన్నారు.

వంపు ఉందని వాళ్లే రాసి, సరిచెయ్యకుండా వదిలేయడం సరైనదేనా? గ్రోత్ ప్లేట్ దెబ్బతింటే వేలు పొట్టిగా ఉండిపోతుందని ఎక్కడో చదివాను. మా అత్తగారేమో స్లాబ్ విప్పించి పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటున్నారు. వారంలో రెండోసారి ఎక్స్‌రే తీస్తే అంత చిన్న పిల్లాడికి ప్రమాదం కాదా? రాత్రి నొప్పికి ఏ సిరప్ ఎంత పట్టాలో కూడా చెప్పండి. ఇంట్లో రెండు మూడు రకాల సీసాలున్నాయి.

ఆర్థో_కాకినాడ

వెన్నెల గారూ, రిపోర్టులో ఉన్నదే నిజమైతే పిల్లల బొటనవేలి విరుపుల్లో ఇది తేలిగ్గా మానే రకం. మీ డాక్టరు చేసింది తొందరపాటూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. ఎందుకో చెబుతాను.

బొటనవేలికి మూడు ఎముకలు. అరచేతి కండలో దాగి ఉండేది మెటాకార్పల్. బయటికి కనిపించే వేలిలో మొదటి కణుపు, గోరున్న కొస కణుపు అని రెండు. ఎదిగే పిల్లల్లో ఈ మూడింటికీ మొదలు దగ్గర ఒక మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటున్నాం. ఇటుకల మధ్య ఇంకా ఆరని సిమెంటు లాంటిదది: ఇటుక విరగక ముందే అది ఊడుతుంది. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ల కన్నా కూడా అది బలహీనం. అందుకే పెద్దవాళ్లకి బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకి విరుపవుతుంది. ఐదేళ్ల పిల్లాడి బొటనవేలు వాచి, ఎముక మీద ఒక చోట నొక్కితే గట్టిగా నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయకుండా "బెణికిందిలే" అనడం నేను ఒప్పుకోను.

గ్రోత్ ప్లేట్ విరుపులను సాల్టర్, హ్యారిస్ అనే కెనడా సర్జన్లు 1963లో ఐదు రకాలుగా విడదీశారు. ఇవాళ్టికీ అవే వాడుతున్నాం. టైప్ 2లో విరుపు ఆ పొర వెంట కొంత దూరం పోయి, తర్వాత ఎముక కాండం వైపు తిరిగి ఒక మూల ముక్కతో బయటికి వస్తుంది. కీలు వైపుకి పోదు. పెరుగుదలకి అసలైన కణాల వరస కీలు వైపున్న ముక్కతోనే ఉండిపోతుంది, దానికి రక్తం అందుతూనే ఉంటుంది. కాబట్టి మీ బాబుకి వేలు పొట్టి అయ్యే అవకాశం చాలా తక్కువ. మీరు చదివిన భయం టైప్ 3, 4లకి ఎక్కువగా వర్తిస్తుంది. వాటిలో విరుపు పొరను అడ్డంగా కోసుకుంటూ కీలులోకి దిగుతుంది. కీలు ఉపరితలంలో 1-2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ మెట్టు గానీ ఖాళీ గానీ ఉంటే ఆపరేషన్ చేసి సరిగ్గా అమర్చాల్సిందే. టైప్ 5లో పొర నలిగిపోతుంది. అది అరుదు, మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా.

ఇక 20 డిగ్రీల వంపు. బొటనవేలి మెటాకార్పల్ మొదట్లో విరిగినప్పుడు కండరాలు రెండు వైపులా లాగుతాయి. కొస వైపు ముక్కను అరచేతి కండరాలు లోపలికి లాగుతాయి, అందుకే వేలి మొదట్లో బయటి వైపు గూనిలా ఉబ్బు కనిపిస్తుంది. పెద్దవాళ్లలో కూడా ఆ చోట కొంత వంపు ఉన్నా చేతి పనికి తేడా రాదు, కారణం దాని కింద ఉన్న కీలు అన్ని దిక్కులకీ తిరిగేది. కీలు తెగని విరుపులో 30 డిగ్రీల దాకా చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు. మీ బాబుకైతే విరిగిన చోటే గ్రోత్ ప్లేట్ ఉంది, పెరగడానికి ఇంకా ఎనిమిది తొమ్మిదేళ్లకి పైగా ఉంది. ఏడాది, ఏడాదిన్నరలో ఆ వంపు చాలావరకు అదే సర్దుకుంటుంది. ఇంత తేలికైన దాన్ని మత్తిచ్చి గట్టిగా లాగితేనే ఆ పొరకి కొత్త దెబ్బ తగులుతుంది.

పెరుగుదల సరిచెయ్యలేనిది ఒకటుంది: మెలి తిరగడం. రెండు చేతుల బొటనవేళ్ల గోళ్లను ఎదురెదురుగా పెట్టి చూస్తే ఒకటి పక్కకి తిరిగి ఉందంటే, వంపు తక్కువైనా సరిచెయ్యాలి. తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరు గారిని ఈ మూడూ అడగండి: గోరు దిశ సరిగ్గా ఉందా, కీలులోకి గీత పోలేదని రెండు కోణాల ఎక్స్‌రేలోనూ చూశారా, వంపు ఎన్ని డిగ్రీలు దాటితే లాగుతారు.

వారం తర్వాత రెండో ఎక్స్‌రే ఎందుకంటే, వాపు తగ్గాక స్లాబ్ వదులై ముక్క జారవచ్చు. ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపు చూస్తే, జారినా సులభంగా తిరిగి పెట్టవచ్చు. పిల్లల ఎముక పది రోజులకే అతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత బలవంతంగా లాగితే విడిపోయేది మళ్లీ గ్రోత్ ప్లేటే. కాబట్టి "నొప్పి తగ్గిందిగా, నెలకి చూపిద్దాం" అని ఆ వారం అపాయింట్‌మెంట్ మాత్రం వదలొద్దు. మొత్తం కట్టు 3 నుంచి 4 వారాలు.

కట్టు గురించి మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఎవరు కట్టినా విరిగిన ఎముకను అతికించేది శరీరమే. మనం చేసేది అది కదలకుండా పట్టి ఉంచడం, సరైన దిశలో ఉందని చూడడం. పుత్తూరు పేరుతో కట్టే కట్లలో వెదురుబద్దలు, పసర్లు, గుడ్డలు గట్టిగా చుట్టడం ఉంటుంది. నాకు అభ్యంతరం మూడు చోట్ల: కట్టే ముందు చేత్తో లాగి సర్దడం, లోపల ముక్క ఎక్కడుందో ఎక్స్‌రేతో చూడకుండా కట్టడం, వాపు పెరిగే మొదటి 48 గంటల్లో చుట్టూ బిగించడం. ఐదేళ్ల పిల్లాడు "నాన్నా, తిమ్మిరిగా ఉంది" అని చెప్పలేడు, ఏడుస్తాడంతే. బిగుతు వల్ల రక్తం ఆగితే గంటల్లో కండ చచ్చిపోతుంది. ఇప్పుడున్న స్లాబ్ విప్పి అటు తీసుకెళ్లొద్దు.

పిల్లల_డాక్టర్_కర్నూలు

మందు సంగతి నేను రాస్తాను. ఇంట్లో రెండు మూడు సీసాలున్నాయి అన్నారు, నాకు ఆందోళన అక్కడే.

పారాసిటమాల్: కిలోకి 15 మి.గ్రా. చొప్పున 17 కిలోలకి 255 మి.గ్రా. షాపుల్లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉన్న సిరప్ ఉంటుంది, 250 మి.గ్రా. ఉన్నది కూడా ఉంటుంది. పేర్లు దాదాపు ఒకటే, అట్టపెట్టె రంగే తేడా. 250 ఉన్నదైతే ఒకసారికి 5 మి.లీ., 120 లేదా 125 ఉన్నదైతే 10 మి.లీ. చుక్కల మందు ఇంకా చిక్కగా, 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. దాన్ని సిరప్ లెక్కన పోస్తే ఓవర్‌డోస్. రెండు డోసుల మధ్య 6 గంటలు, రోజుకి 4 సార్లు మించొద్దు. మూతతో గానీ ఇంట్లో చెంచాతో గానీ కొలవకండి, సూది లేని సిరంజితో కొలవండి. మొదటి రెండు రోజులు నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం ఇస్తే పిల్లాడు నిద్రపోతాడు.

అది చాలకపోతే ఐబుప్రోఫెన్, ఒకసారికి కిలోకి 5 నుంచి 10 మి.గ్రా. 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే మీ బాబుకి 5 నుంచి 8 మి.లీ., ఏదైనా తిన్నాకే, 8 గంటలకోసారి. వాంతులు, విరేచనాలు ఉన్నా, జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉన్నా ఇది వద్దు. కొన్ని సీసాల్లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ కలిపి ఉంటాయి. అది పట్టి, దాని మీద మళ్లీ పారాసిటమాల్ పడితే రెట్టింపు అవుతుంది. ఇంట్లో అలాంటి సీసా ఉంటే పక్కన పెట్టేయండి. నిమెసులైడ్ 12 ఏళ్లలోపు పిల్లలకి మన దేశంలో 2011 నుంచి నిషేధం, పాత సీసా మిగిలి ఉంటే పారబోయండి. యాస్ప్రిన్ కూడా పిల్లలకి వద్దు.

మందు పట్టినా నొప్పి గంట గంటకీ పెరుగుతుంటే "ఇంకో డోసు ఇద్దామా" అని ఆలోచించాల్సిన సమయం కాదు, కట్టు బిగిసిందేమో చూడాల్సిన సమయం.

చర్మం తెగలేదు కాబట్టి ధనుర్వాతం ఇంజెక్షన్ ప్రశ్న రాదు.

రేడియోగ్రాఫర్_వరంగల్

ఎక్స్‌రే భయం గురించి. చేతి ఎక్స్‌రే ఒక్క ఫిల్ముకి వచ్చే రేడియేషన్ చాలా చిన్నది, మామూలుగా నేల నుంచి, ఆకాశం నుంచి మనందరి మీదా పడే సహజ రేడియేషన్ కొన్ని గంటల్లో ఇచ్చేంత. ఛాతీ, పొట్ట, సీటీ స్కాన్‌లతో దీన్ని ఒకే గాటన కట్టొద్దు. పిల్లాణ్ణి పట్టుకునేవాళ్లకి సీసపు ఏప్రాన్ వేస్తారు. గర్భంతో ఉన్నవాళ్లు పట్టుకోకూడదు, ఆ పని నాన్నకో మామయ్యకో అప్పగించండి.

దానికన్నా ముఖ్యమైన విషయం: చీటీ మీద "కుడి చేయి" అని ఉందా, "కుడి బొటనవేలు" అని ఉందా చూడండి. అరచేయి బోర్లా పెట్టి తీసే మామూలు ఎక్స్‌రేలో నాలుగు వేళ్లు నేరుగా వస్తాయి, బొటనవేలు మాత్రం ఏటవాలుగా పడుతుంది. ఆ కోణంలో వంపు కొలిస్తే లెక్క తప్పుతుంది. 20 అన్నది 30 కావచ్చు, 10 కావచ్చు. బొటనవేలికి విడిగా రెండు ఫిల్ములు కావాలి. మొదటిదానికి చేతిని లోపలికి బాగా తిప్పి, గోరు వైపు డిటెక్టర్‌కి ఆనేలా పెడతాం. రెండోది పక్క నుంచి, గోరు అంచుగా కనపడేలా. పిల్లాడు ఏడుస్తూ చేయి గుంజితే గోరు ఏ వైపు ఉందో చూసుకుంటే చాలు, ఫిల్ము సరైనదో కాదో తెలిసిపోతుంది.

పిల్లల బొటనవేలి ఫిల్ము చదవడంలో తికమకపడే చోట్లు రెండున్నాయి. మిగతా నాలుగు వేళ్ల మెటాకార్పల్‌లకి గ్రోత్ ప్లేట్ కొస వైపు ఉంటుంది, బొటనవేలికి ఒక్కదానికే మొదలు వైపు. అక్కడ కనిపించే నల్లటి అడ్డగీత విరుపు కాదు, సహజం. చాలామంది పిల్లల్లో ఇదే ఎముక కొస వైపు కూడా సగం గీత లాంటి నొక్కు ఉంటుంది. అది కూడా విరుపు కాదు, నొక్కితే నొప్పి ఉండదు. రెండేళ్లలోపు పిల్లలకైతే మొదలు దగ్గరి ఎముక ముక్క ఇంకా మృదులాస్థిగానే ఉండి ఫిల్ములో అసలు కనపడకపోవచ్చు, అది తర్వాత తేలుతుంది. అనుమానం వస్తే బాగున్న చేతికి కూడా ఒక ఫిల్ము తీసి పక్కన పెట్టి పోల్చుకుంటాం.

రెండోసారి వెళ్లినప్పుడు మొదటి ఫిల్ముల సీడీ గానీ అసలు ఇమేజ్ ఫైలు గానీ తీసుకెళ్లండి. వాట్సాప్‌లో ఫోటోకి ఫోటో తీసి పంపితే గీతలు చెరిగిపోతాయి. స్లాబ్ మీద నుంచి తీస్తే పిండి అడ్డుపడి సన్నని విరుపు కనపడదు. అయినా వంపు మారిందా లేదా అన్నది తెలుస్తుంది, అది చాలు. స్లాబ్ విప్పి తీయాలో వద్దో డాక్టరు గారే చెప్పాలి.

వెన్నెల_ఖమ్మం

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. చీటీ మీద "కుడి చేయి" అనే ఉంది. వారం తర్వాత బొటనవేలికి విడిగా తీయమని అడుగుతాను. స్లాబ్ మోచేతి కింది దాకానే ఉంది, వాడు దాన్ని కిందికి తోసేస్తున్నాడు. స్నానం ఎలా చేయించాలి? ఏమేం గమనించాలి?

ప్లాస్టర్_రూమ్_నెల్లూరు

మేడమ్, ఐదేళ్లలోపు, ఐదేళ్ల చుట్టూ ఉన్న పిల్లల చేతులు బొద్దుగా, మణికట్టు దగ్గర నడుం లేకుండా ఉంటాయి. మోచేతి కింది కట్టు వాళ్లకి మేజోడులా జారిపోతుంది. పిల్లాడు మరీ అల్లరివాడైతే మోచేయి మడిచి, దాని పైదాకా కట్టు వేయమని అడగొచ్చు. మోచేయి 90 డిగ్రీల్లో ఉంటే కట్టు ఎటూ జారదు. ఇది ఎముక కోసం కాదు, పిల్లాడి కోసం.

ఇప్పుడున్న స్లాబ్ సరిగ్గా ఉందా అని మీరే చూడొచ్చు. బొటనవేలు గ్లాసు పట్టుకున్నట్టు వేళ్లకి దూరంగా ఉండాలి, అరచేతికి అతుక్కుని కాదు. బొటనవేలి కొస, గోరు కనపడాలి. మిగతా నాలుగు వేళ్లు మొదట్లో ఉన్న కీలు దగ్గర పూర్తిగా మడిచేలా అరచేతి గీత దగ్గర కట్టు ఆగాలి. గీత దాటి వేళ్ల మీదకి వస్తే మూడు వారాల్లో అవి కూడా బిగుసుకుంటాయి. కట్టు జారితే గుర్తుపట్టడం తేలిక: గోరు కట్టు లోపలికి వెళ్లిపోతుంది. మొదటి రోజే గోరు కొస దగ్గర కట్టు అంచున పెన్నుతో ఒక గీత పెట్టి ఉంచండి. గోరు అర సెంటీమీటరు లోపలికి పోయిందంటే ఎముక కూడా వదులుగా ఉన్నట్టే, మర్నాడే చూపించండి.

మొదటి రెండు రోజులు చేయి గుండె కన్నా ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడు పక్కన రెండు దిండ్లు. మెడకి కట్టిన గుడ్డ ఊయలలో చేయి ఉన్నప్పుడు మణికట్టు మోచేతి కన్నా పైన ఉండాలి. చాలామంది కిందికి వేలాడేలా కడతారు, దాంతో వేళ్లు వాచిపోతాయి. నిద్రపోయేటప్పుడు ఊయల తీసేయండి, మెడకి చుట్టుకుంటుంది.

మొదటి రోజు రెండు గంటలకోసారి, తర్వాత పొద్దున సాయంత్రం ఇది చూడండి: గోరు నొక్కితే తెల్లబడి, వదలగానే 2 సెకన్లలో గులాబీ రంగు రావాలి. రెండు చేతుల వేళ్లూ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఏదైనా బొమ్మ చూపించి పట్టుకోమంటే మిగతా వేళ్లు కదపాలి. పిల్లాడు కారణం లేకుండా చిరాకుపడుతున్నా, ఎత్తుకున్నా ఊరుకోకపోయినా, వేళ్లు మీరు మెల్లగా చాపితే కేక వేసినా, నొప్పి మందు మాటిమాటికీ కావాల్సి వస్తున్నా, వేళ్లు నీలంగా, చల్లగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే. ఆసుపత్రి దూరమైతే ముందు ఇది చేయండి: స్లాబ్ ఒక వైపే గట్టిగా ఉంటుంది, దాని మీద చుట్టిన బ్యాండేజీని మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో మెత్తని వైపు ఈ చివర నుంచి ఆ చివరకి కత్తిరించండి, లోపలి దూది కూడా. దూది రక్తంతో గానీ చెమటతో గానీ గట్టిపడితే అదే బిగిస్తుంది. గట్టి భాగం తీయొద్దు, చేతిని అందులోనే పెట్టి తీసుకెళ్లండి. పూర్తిగా చుట్టిన పిండికట్టుకి ఇది కుదరదు. దానికి రంపం కావాలి. అందుకే వాపు ఉన్న మొదటి వారం స్లాబే వేస్తాం.

స్నానం: పిండి స్లాబ్ నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. చేయి పైకెత్తి, టవల్ చుట్టి, మీద పాలిథిన్ కవరు వేసి పైభాగాన టేపు అంటించండి. అయినా నీళ్ల తొట్టిలో ముంచొద్దు. వారం తర్వాత ఫైబర్ కట్టు వేస్తే దాని పైపొర తడిసినా ఏం కాదు గానీ లోపలి దూది తడిస్తే ఆరదు, చర్మం నాని పుండవుతుంది. దురద పెడితే స్కేలు, అల్లిక సూది, పెన్ను లోపలికి పెట్టనివ్వకండి. హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి ఊదితే చాలు. పౌడర్ పోయొద్దు, ఉండలు కడుతుంది. బియ్యపు గింజ, శనగపప్పు, చిన్న బొమ్మల ముక్కలు కట్టులో దోపడం ఈ వయసు పిల్లలకి బాగా అలవాటు. కంపు వస్తే, ఒకే చోట మంట అంటే, కట్టు మీద మరక వస్తే ఎదురుచూడకండి.

నవ్య_సిద్దిపేట

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అక్క కూతురికి రెండేళ్లు. నిన్న రాత్రి తలుపు సందులో బొటనవేలు నలిగింది. గోరు మొదట్లో చర్మం కింది నుంచి ఊడి పైకి వచ్చింది, రక్తం కారింది, కొస కొంచెం వంగినట్టుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు పసుపు పెట్టి కట్టు కట్టారు. గోరు దానంతట అదే రాలిపోతుంది అన్నారు. ఆగొచ్చా?

ఆర్థో_కాకినాడ

నవ్య గారూ, ఆగొద్దు. ఈ రోజే, ఇప్పుడే తీసుకెళ్లండి. వెన్నెల గారి బాబు సంగతి నింపాదిగా మాట్లాడుకోవచ్చు, ఇది అలాంటిది కాదు.

గోరు మొదలు చర్మం మడత కింది నుంచి బయటికి వచ్చి మీద పడుకుని ఉండడం, కొస కణుపు వంగి ఉండడం, ఈ రెండూ కలిస్తే సీమర్ ఫ్రాక్చర్ అనుకునే చూడాలి. కొస కణుపు గ్రోత్ ప్లేట్ సరిగ్గా గోరు మొదలు కింద, దాన్ని ఆనుకునే ఉంటుంది. తలుపు నొక్కినప్పుడు పొర విడిపోయి, దాని మీదున్న గోరు కింది మెత్తని కండ చీలుతుంది. వేలిని చాపే స్నాయువు కీలు వైపు చిన్న ముక్కకి అంటి ఉంటుంది. మడిచే స్నాయువు కొస వైపు పెద్ద ముక్కకి అంటి ఉంటుంది. విడిపోగానే పెద్ద ముక్క కిందికి మడుచుకుంటుంది. చూసేవాళ్లు స్నాయువు తెగిందనో, గోరు దెబ్బేననో అనుకుంటారు. అసలు జరిగింది మాత్రం బయటి గాలి తగిలిన ఎముక విరుపు. చీలిన కండ ముక్క విరుపులో ఇరుక్కుంటే ఎంత కట్టినా అతుక్కోదు. పసుపు, మట్టి, క్రిములు నేరుగా ఎముక దాకా పోతాయి. వదిలేస్తే ఎముకకి చీము పట్టడం, గ్రోత్ ప్లేట్ పాడై కొస పొట్టిగా ఉండిపోవడం, గోరు గీతలు పడి వంకరగా రావడం జరుగుతాయి.

వెళ్లేలోపు ఇంట్లో: కట్టు విప్పి, శుభ్రమైన కుళాయి నీళ్లు ధారగా కొన్ని నిమిషాలు పోయండి. పసుపు రుద్ది తీయొద్దు, నీళ్లతో ఎంత పోతే అంత. గోరు పీకొద్దు, కత్తిరించొద్దు. సర్జన్ దాన్నే కడిగి తిరిగి పెట్టి లోపలి కండకి మూతగా వాడతారు. వాజెలిన్ పూసిన గాజుగుడ్డ వేసి, మీద వదులుగా కట్టు. రక్తం కారుతుంటే చేయి ఎత్తి పట్టి 10 నిమిషాలు నొక్కి ఉంచండి. వేలి మొదట్లో దారం, రబ్బరు బ్యాండు కట్టొద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో పాలు, బిస్కెట్లు పెట్టకండి. ఆఖరిసారి ఎప్పుడు తిందో గుర్తుంచుకుని చెప్పండి.

అక్కడ బొటనవేలికి పక్క నుంచి సరైన ఎక్స్‌రే తీయాలి, ముందు నుంచి తీస్తే ఈ విరుపు కనపడదు. తర్వాత మత్తులో గోరు ఎత్తి, విరుపును సెలైన్‌తో కడిగి, ఇరుక్కున్న కండను బయటికి తీసి, ఎముకను నేరుగా పెట్టి, చీలికను కరిగిపోయే సన్నని 6-0 లేదా 7-0 దారంతో కుడతారు. ఎముక నిలవకపోతే సన్నని తీగ ఒకటి దించుతారు, 3 నుంచి 4 వారాలకి తీసేస్తారు. యాంటీబయాటిక్ ఇస్తారు. దగ్గర్లో హ్యాండ్ సర్జన్ గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ పిల్లల ఆర్థోపెడిక్ గానీ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. టీకాల కార్డు తీసుకెళ్లండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్ పడి ఉందో లేదో చూసి ధనుర్వాతం సంగతి వాళ్లు నిర్ణయిస్తారు.

గోరు చెక్కుచెదరకుండా, కింద నల్లగా రక్తం మాత్రమే గడ్డకట్టి, ఎముక కొసన చిన్న పగులుంటే అది వేరే సంగతి. రెండు మూడు వారాలు కొసకి చిన్న బద్ద కడితే మానుతుంది. గోరు కింద నొక్కిపట్టిన రక్తం బాగా సలుపుతుంటే డాక్టరు గోరుకి రంధ్రం చేసి వదిలిస్తారు. ఇంట్లో సూది కాల్చి పొడవకండి.

నవ్య_సిద్దిపేట

బయల్దేరాం అండి. పక్క ఎక్స్‌రే అడుగుతాం. థాంక్స్.

చేతి_థెరపిస్ట్_హైదరాబాద్

ఈ చర్చ చదివే తల్లిదండ్రుల్లో కొందరికి అసలు విరుపే లేని సమస్య ఉండొచ్చు, అది కూడా చెప్పాలి. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లాడి బొటనవేలు కొస కీలు దగ్గర మడిచి ఉండిపోయి, చాపితే రాకుండా, అరచేతి వైపు వేలి మొదట్లో చిన్న బఠాణీ గింజంత గట్టి బుడిపె తగిలితే అది ట్రిగ్గర్ థంబ్. వాపు, కమిలిన రంగు, పడ్డ దాఖలా ఉండవు. స్నాయువు లావై దాని తొడుగులో ఇరుక్కోవడమే. "కీలు తప్పింది" అని గుంజి చాపించడం వల్ల పిల్లాడు ఏడవడం తప్ప ఒరిగేదేం లేదు. కొందరికి కాలంతో పాటు తగ్గుతుంది. తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో తొడుగు వదులు చేస్తారు, అది అత్యవసరం కాదు.

వెన్నెల గారూ, కట్టు తీశాక సంగతి. తీయగానే చేయి సన్నగా, చర్మం పొలుసుగా, వెంట్రుకలు ఎక్కువగా కనిపిస్తాయి. గోరువెచ్చని నీళ్లు, కొబ్బరినూనె చాలు. విరిగిన చోట గట్టి బుడిపె తగులుతుంది, అది కొత్త ఎముక, నెలల్లో అరిగిపోతుంది. దాన్ని అణచడానికి నూనెతో గట్టిగా మర్దన చేయించకండి. వేడి కాపడం, వేలు పట్టి వంచడం కూడా వద్దు. పెద్దవాళ్లకి చేయించే కసరత్తులు ఈ వయసుకి అక్కర్లేదు, ఆటే వ్యాయామం. చపాతీ పిండి ముద్ద గిల్లి ఉండలు చేయడం, బట్టల క్లిప్పులు డబ్బా అంచుకి పెట్టడం, శనగలు ఒక్కొక్కటి తీసి సీసాలో వేయడం, స్పాంజి నీళ్లలో ముంచి పిండడం, ఇలా రోజుకి నాలుగైదు సార్లు, పది నిమిషాల చొప్పున. మొదటి వారం ఎడమ చేతినే వాడతాడు, అది భయం. తిట్టొద్దు, రెండు చేతులూ కావాల్సిన ఆట ఇవ్వండి. రెండు మూడు వారాల్లో వేలు మామూలుగా కదులుతుంది. నాలుగో వారానికి కూడా బొటనవేలి కొసను చిటికెన వేలి మొదటికి తాకించలేకపోతే, లేదా పెన్సిల్ పట్టుకుంటే నొప్పంటే చూపించండి.

బడికి కట్టుతోనే పంపొచ్చు. టీచరుకి ఒక చీటీ రాసివ్వండి: రాత పని ఉండదు, మెట్లు దిగేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాలి, ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టాలి. సైకిల్, జారుడుబల్ల, వేలాడే కడ్డీలు, క్రికెట్ బంతి పట్టడం దెబ్బ తగిలిన రోజు నుంచి 6 వారాలు దాటాక, నొక్కితే నొప్పి లేదని డాక్టరు చూశాకే.

వెన్నెల_ఖమ్మం

ఒక్క చివరి ప్రశ్న. ఇంట్లో మేకకాళ్ల సూపు, కాల్షియం సిరప్ అంటున్నారు. వేలు సరిగ్గా పెరుగుతోందని ఎప్పుడు తెలుస్తుంది?

పిల్లల_డాక్టర్_కర్నూలు

సూపు ఇష్టంగా తాగితే తాగనివ్వండి, దానిలో కాల్షియం మాత్రం తక్కువే. ఐదేళ్ల పిల్లాడికి రోజుకి 550 మి.గ్రా. కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రెండు పూటలా ఒక్కో గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, మధ్యలో ఒకసారి రాగిజావ ఉంటే సరిపోతుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. పప్పు, గుడ్డు మానకండి, అతుక్కునే ఎముకకి ప్రొటీన్ కూడా కావాలి. మామూలుగా తినే పిల్లాడికి సిరప్ వల్ల ఎముక తొందరగా అతుక్కోదు. కొద్దిపాటి తాకిడికే ఇది రెండో మూడో విరుపు అయితే, కాళ్లు వంకరగా ఉంటే, అప్పుడు విటమిన్ డి పరీక్ష చేయించాలి.

ఆర్థో_కాకినాడ

టైప్ 2కి కట్టు తీశాక ఒకసారి, మూడు నుంచి ఆరు నెలల మధ్య మరోసారి చూస్తే సాధారణంగా చాలు. ఆ రెండోసారి ఎక్స్‌రేలో గ్రోత్ ప్లేట్ గీత అటు చివర నుంచి ఇటు చివరకి తెగకుండా కనపడాలి. మధ్యలో తెల్లటి వంతెన లాంటిది కనిపించినా, వేలు పక్కకి ఒరుగుతున్నట్టున్నా హ్యాండ్ సర్జన్‌కి పంపుతారు. కీలులోకి దిగిన టైప్ 3, 4 పిల్లలను మాత్రం కనీసం ఏడాది పాటు వదలకుండా చూడాలి. ఇంట్లో మీరు చేయగలిగేది: మూడు నెలలకోసారి రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టి, గోళ్లు పైకి ఉంచి, ఒకే దూరం నుంచి ఫోటో తీసి తేదీ వేసి దాచండి. తేడా వస్తే ఆ ఫోటోలు డాక్టరుకి బాగా పనికొస్తాయి.